సెస్నా 182తో ఎనిమిదేళ్లు, కార్బ్యురేటర్ మీద ఇంకా చల్లారని కోపం

ఇది నిష్పక్షపాతంగా రాస్తున్నది కాదు, ముందే చెప్పేస్తున్నా. ఎనిమిదేళ్లు, 740 గంటలు తిరిగాక విమానం విమానంలా ఉండదు, ఇంట్లో మనిషిలా తయారవుతుంది. మాది 1979 నాటి 182క్యూ, నలుగురు కూర్చునే ఒంటి ఇంజిన్ చిన్న విమానం. వేగమెంత, నిమిషానికి ఎన్ని అడుగులు ఎక్కుతుంది లాంటి లెక్కలు ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి వాటి జోలికి పోను. నేను చెప్పాలనుకున్నది ఇంజిన్ బలాన్ని పెంచి తగ్గించే థ్రాటిల్‌కి ఎడమ పక్కన ఉండే ఒక చిన్న పిడి గురించి. కార్బ్ హీట్ పిడి, అంటే ఇంధనాన్ని గాలితో కలిపే కార్బ్యురేటర్‌లోకి వేడి గాలి పంపేది. కొనేరోజు దాన్ని కన్నెత్తి కూడా చూడలేదు.

ఆ రోజు మేం చూసిందల్లా బరువు. అంతకుముందు రెండేళ్లు అద్దెకు తీసుకున్న 172ఎస్‌లో తిరిగాం, సెస్నా వాళ్లదే ఇంకాస్త చిన్న విమానం. మంచి విమానమే, కానీ ట్యాంకులు నింపితే నాలుగో సీటు బొమ్మకే. ప్రతి ప్రయాణానికీ ముందు రాత్రి కాగితం, క్యాలిక్యులేటర్ పట్టుకుని కూర్చోవడం, చివరికి ఏదో ఒక సంచి ఇంట్లో వదిలేయడం. అందుకే సొంతంగా కొనాలనుకున్నప్పుడు ఒకే షరతు పెట్టుకున్నా: ట్యాంకులు నిండాలి, సీట్లు నిండాలి, సామాను కూడా ఎక్కాలి.

వేరేవి చూడలేదని కాదు. డైమండ్ డీఏ40లో వెనక సీట్లవాళ్లకు వేరే తలుపు ఉండటం, నాలుగు వైపులా కనిపించడం నాకు బాగా నచ్చాయి. మా ఆయన మాత్రం నెత్తిన ఎండ పడుతోందని మొదటి పది నిమిషాల్లోనే తేల్చేశాడు. సిరస్ ఎస్ఆర్22 చూసినప్పుడు విమానం మొత్తాన్ని దించే పారాచూట్ ఉందని తెలిసి ఆయన మొహం వెలిగిపోయింది. దాన్ని పదేళ్లకోసారి తీసి మళ్లీ సర్దించాలని, దానికయ్యే ఖర్చు ఎంతో తెలిశాక ఆ వెలుగు కాస్త తగ్గింది. పైపర్ ఆర్చర్‌కి రెక్క కిందుంటుంది, తలుపు ఒక్కటే, అదీ కుడివైపు. నేను ముందు ఎక్కి, అందరూ ఎక్కాక తలుపు వేసే పని పక్క సీటువాళ్లకు వదలాలి. నాలుగేళ్ల పిల్లాడున్న ఇంట్లో అది కుదరదనిపించింది. పైగా అందులో ఇంధనం కుడి ట్యాంకు నుంచో ఎడమ ట్యాంకు నుంచో ఏదో ఒకదాన్నించే వస్తుంది, గుర్తుపెట్టుకుని మారుస్తూ ఉండాలి. 182లో రెండూ కలిపి పెట్టేసి మర్చిపోవచ్చు.

అలా 182 దగ్గర ఆగాం. మా విమానం తన బరువు కాక ఇంకో 512 కిలోలు మోస్తుంది. 88 గ్యాలన్ల ఇంధనం నింపితే అందులో 240 పోతాయి. అప్పట్లో మా నలుగురి బరువు 180. ఇంకా 90 కిలోలు మిగిలేవి. ఆ లెక్క వేసుకున్న రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే నమ్మండి, సంతోషంతోనే.

మొదటి ఏడాది కనిపించిన ప్రతివాళ్లకూ ఈ లెక్కే చెప్పాను. ఇప్పుడు కాస్త తగ్గించి చెప్తున్నా. ట్యాంకులు నిండా ఉంటే ఆరు గంటల పైచిలుకు ఎగరొచ్చు, నిజమే. మా చిన్నాడు రెండు గంటలు దాటితే బాత్రూమ్ అంటాడు, రెండున్నరకి ఏడుపు. అంటే ఏ లెక్క కోసం ఈ విమానం కొన్నానో దాన్ని ఎనిమిదేళ్లలో పట్టుమని నాలుగుసార్లు కూడా వాడుకోలేదు. ఈలోపు పిల్లలు పెరిగారు. పెద్దమ్మాయికి పదిహేను, చిన్నాడికి పన్నెండు. మా నలుగురి బరువు ఇప్పుడు 245. ట్యాంకులు నింపితే సామానుకు మిగిలేది 27 కిలోలు. విమానం మారలేదు, మేమే మారాం.

ఇక ఆ పిడి సంగతి.

కొన్న రెండో ఏడాది. 5,500 అడుగుల ఎత్తు, కింద అడవి కొండలు, పైన పలచటి మబ్బు. బయట 14 డిగ్రీలు, గాలి నిండా తేమ. వాన లేదు, కుదుపు లేదు. నలుగురం ఉన్నాం, వెనక ఇద్దరూ నిద్ర. మానిఫోల్డ్ ప్రెషర్ (ఇంజిన్‌లోకి పోయే గాలి ఒత్తిడి, బలం ఎంత వస్తోందో దీన్ని బట్టే తెలుస్తుంది) 22 అంగుళాలు, 2,300 ఆర్‌పీఎం పెట్టి, ఎత్తు చూసుకోమని ఆటోపైలట్‌కి అప్పగించాను. కాసేపటికి చూస్తే 21. థ్రాటిల్ కొంచెం జారిందేమో అనుకుని మళ్లీ 22కి తోశాను. పది నిమిషాల తర్వాత మళ్లీ 21. మళ్లీ తోశాను. వేగం 125 నాట్ల నుంచి 112కి పడింది. జీపీఎస్‌లోనూ నెమ్మదిగానే పోతున్నాం. ఎదురుగాలి పెరిగిందన్నమాట అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఎదురుగాలికి నేల మీద వేగం తగ్గుతుంది గానీ గాలిలో వేగం సూది ఎందుకు పడుతుంది? ఆ చిన్న ప్రశ్న నాకు ఆ రోజు తట్టలేదు.

తట్టకపోవడానికి కారణముంది. నేను నేర్చుకున్నది బ్లేడ్ల కోణం మారని ప్రొపెల్లర్‌తో. కార్బ్యురేటర్‌లో మంచు కడితే అందులో ఆర్‌పీఎం పడుతుంది, చెవికే తెలిసిపోతుంది. 182లో ప్రొపెల్లర్ తన బ్లేడ్ల కోణాన్ని తనే సర్దుకుంటుంది. ఇంజిన్ బలం తగ్గుతున్నకొద్దీ కోణం తగ్గించి అదే 2,300 తిప్పుతూ ఉంటుంది. శబ్దం మారదు. ముందుగా చెప్పేది మానిఫోల్డ్ ప్రెషర్ సూదే. దానికి తోడు ఆటోపైలట్ ఎత్తు పడకుండా ముక్కు కొద్దికొద్దిగా పైకెత్తుతూ పోయింది. దొంగకి ఇద్దరు కాపలా కాసినట్టు ఒకటి శబ్దాన్ని, ఇంకోటి ఎత్తును దాచిపెట్టాయి. ఈ విమానం నేర్పిన ఇన్‌స్ట్రక్టర్ ఈ సంగతి ఒక్క వాక్యంలో చెప్పారు. నేను తలూపాను కూడా.

మూడోసారి తోద్దామంటే థ్రాటిల్ ఇంక పోవడానికి చోటు లేదు. అప్పుడు మొదలైంది అదురు. పెద్దదేమీ కాదు, గతుకుల రోడ్డు మీద బండి నడిచినట్టు. మా ఆయన హెడ్‌సెట్‌లో "ఏమైంది?" అన్నాడు. నేను జవాబు చెప్పకుండా కార్బ్ హీట్ పిడిని పూర్తిగా లాగాను.

అసలు భయపడింది ఆ తర్వాతే. ఇంజిన్ బాగుపడుతుందనుకుంటే ఇంకా పాడైంది. దగ్గింది, తుమ్మింది, మొత్తం ప్యానెల్ వణికింది, సూది ఇంకా కిందికి పోయింది. వేడి గాలికి కరిగిన మంచు నీళ్లయి ఇంజిన్‌లోకే పోతుంది కాబట్టి అలా దగ్గడం మామూలే, పుస్తకంలో రాసే ఉంటుంది. కానీ వెనక పిల్లలు లేచి "అమ్మా" అన్నప్పుడు పుస్తకం గుర్తుకురాదు. చేతిలో ఉన్నది ఒక్క పిడి. దాన్ని లాగాకే ఇదంతా మొదలైంది, కాబట్టి లోపలికి తోసేస్తే ఆగుతుందని చెయ్యి చెప్తోంది. తోయకుండా ఆ చేతిని ఆపుకోవడమే ఆ రోజు నేను చేసిన పైలట్ పని. ఎంతసేపంటే, తర్వాత లెక్కేసుకుంటే అర నిమిషం, మహా అయితే నలభై సెకన్లు. అదురు ఒక్కసారిగా ఆగిపోయింది. సూది లేచి లేచి 23 దగ్గర నిలబడింది. మా ఆయన నా మోకాలి మీద చెయ్యి వేశాడు, ఏమీ అనలేదు.

పిడి లాగి ఉంచే దగ్గర్లోని ఎయిర్‌ఫీల్డ్‌లో దిగాం. అక్కడి మెకానిక్ ఇంజిన్ మీది మూత (కౌలింగ్) విప్పి గంటసేపు చూసి ఏమీ లేదన్నాడు. ఉండదు మరి, సాక్ష్యం కరిగిపోయిందిగా.

తర్వాత చదివితే తెలిసింది, ఇంధనం ఆవిరయ్యేటప్పుడు, గాలి ఇరుకు సందులోంచి పోయేటప్పుడు కార్బ్యురేటర్‌లో ఉష్ణోగ్రత 35 డిగ్రీలకు పైగా పడిపోవచ్చట. బయట 21 డిగ్రీల లోపు, తేమ 80 శాతం పైన ఉంటే మంచుకి అనువైన వాతావరణమే. 38 డిగ్రీల ఎండలో కూడా కట్టే అవకాశముందట. మా విమానంలో ఉన్న ఈ ఓ-470 ఇంజిన్‌లో ఇది తరచూ వచ్చేదేనని పాత 182 నడిపేవాళ్లంతా మామూలు విషయంలా చెప్పుకుంటారు. నాకు కోపం అందుకే. అందరికీ తెలిసిన సంగతి కొనేటప్పుడు ఒక్కరూ గొంతు పెంచి ఎందుకు చెప్పరు? బరువు గురించి నేనూ అంతే ఊదరగొట్టాను కదా అని మా ఆయన అంటాడు. అదీ నిజమే.

ఆ నెలలోనే కార్బ్యురేటర్ ఉష్ణోగ్రత చూపించే గేజ్ పెట్టించాను. దాని మీద పసుపు గీత ఉంటుంది, సూది అందులోకి రాకుండా కార్బ్ హీట్ కొంచెం కొంచెంగా లాగి ఉంచుతాను. గేజ్ లేకుండా ఇలా సగం సగం లాగకూడదు, కరిగినట్టే కరిగి మళ్లీ కట్టుకోవచ్చు. అనుకోని లాభం ఒకటి: కొద్దిగా వేడి గాలి ఇస్తే ఈ ఇంజిన్‌లో ఆరు సిలిండర్లకూ ఇంధనం కాస్త సమానంగా అందుతుంది, నడక మెత్తబడుతుంది. ఇప్పుడు గంటకు 12 గ్యాలన్ల దగ్గర హాయిగా పోతున్నాం. 172తో పోలిస్తే అది ఎక్కువే. ఆ మాట ఇంట్లో గట్టిగా అనను.

మిగతావి టూకీగా. ఎండలో రెక్క నీడ, వానలో రెక్క గొడుగు, రెండు వైపులా తలుపులు, పిల్లలకు కింద నేల కనిపించడం, ఇవన్నీ ఇప్పటికీ బాగున్నాయి. రెక్క వెనక అంచు మా ఆయన నుదుటి మీద ఏడాదికోసారి ముద్ర వేస్తుంది. ఇద్దరమే వెళ్తే ముక్కు బరువుగా ఉండి దిగేటప్పుడు చెయ్యి నొప్పి పుట్టేంత లాగాలి. వెనక పిల్లలుంటే అదే విమానం పువ్వులా దిగుతుంది. కొనేవాళ్లు ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య ఉండే అడ్డుగోడను (ఫైర్‌వాల్) తప్పకుండా చూపించుకోండి, ముందు చక్రం మీద గట్టిగా దించిన 182లకు అక్కడ మడతలు పడి ఉంటాయి.

మరి కార్బ్యురేటర్ లేని 182 కొనొచ్చు కదా అని అడుగుతారు. 1997 నుంచి వచ్చినవాటికి ఇంధనాన్ని ఇంజెక్ట్ చేసే ఇంజిన్ ఉంది, ఈ మంచు గొడవ లేదు. తెలిసినవాళ్ల విమానంలో ఒకసారి నలుగురం వెళ్లాం. మధ్యలో ఇంధనం కోసం ఎండలో ఇరవై నిమిషాలు ఆగాం. వేడెక్కిన ఇంజిన్ ఐదుసార్లు తిప్పితే గానీ అందుకోలేదు. వెనక పిల్లలు చెమటలు కక్కుతూ గొణుగుడు. మేం రెండు గంటలకోసారి దిగే కుటుంబం, అంటే మాకు వేడి ఇంజిన్ స్టార్ట్ చేయడం రోజూ ఉండే పని. తేమ మబ్బుల కింద కొండలు దాటేది ఎప్పుడో ఒకసారి. కాబట్టి మాకు పాతదే నయమేమో అనిపిస్తోంది. ఒంటరిగా దూరాలు పోయేవాళ్లకు, తేమ ఎక్కువున్న చోట ఏడాదంతా ఎగిరేవాళ్లకు ఈ లెక్క తిరగబడుతుంది. పిల్లలు ఇంకో పాతిక కిలోలు పెరిగితే నాదీ తిరగబడొచ్చు.

ప్రస్తుతానికైతే అమ్మడం లేదు. పెద్దమ్మాయి ముందు సీట్లోకి మారింది, మా ఆయన వెనక్కి. ఐదు నిమిషాలకోసారి "ఇరవై రెండు" అని సూది చదివి వినిపిస్తుంది. "ఇరవై ఒకటిన్నర" అన్న రోజు నా చెయ్యి తను చెప్పడం పూర్తయ్యేలోపే పిడి మీద ఉంటుంది.