సర్క్యూట్ కిట్ కొంటున్నారా? జేబులో ఒక అయస్కాంతం వేసుకుని వెళ్లండి

ఆరో తరగతికి విద్యుత్ వలయం పాఠం కోసం అనంతపురంలో ఒక షాపులో ఎనిమిది ‘సర్క్యూట్ కిట్లు’ కొన్నాను. ఒక్కోటి 240 రూపాయలు, సొంత డబ్బే. టీచర్లు, తల్లిదండ్రులు ఎవరైనా అలాంటివి కొనబోతుంటే కాస్త ఆగి ఇది చదవండి.

పెట్టెలో రెండు సెల్లులు, హోల్డరుతో టార్చి బల్బు, క్లిప్పుల వైర్లు, రాగి, ఇనుము, అల్యూమినియం రేకులు, ఒక రబ్బరు ముక్క ఉన్నాయి. క్లిప్పుల మధ్య ఇనుప రేకు పెడితే బల్బు వెలిగింది. రబ్బరుకు వెలగలేదు. రెండు వైపులా చెక్కిన పెన్సిల్ ములుకుకు మసగ్గా వెలిగింది, పిల్లలు కేకలే కేకలు. రాగి రేకు పెడితే మాత్రం ఏమీ లేదు.

“సార్, రాగిలో కరెంటు పోదు సార్!”

ఒక గుంపువాళ్లు అప్పటికే నోట్సులో ‘బంధకాలు’ కింద రాగి అని రాసేసుకున్నారు. క్లిప్పు వదులేమో అనుకుని మార్చి చూశాను. అదే కథ. చివరికి ఒక పాప వృత్తలేఖిని ముల్లుతో రేకు రెండు కొసలూ గీకి, గీకిన చోట క్లిప్పులు పెట్టింది. బల్బు వెలిగింది! తళతళలాడాలని రేకు మీద వార్నిష్ పూశారన్నమాట. మోటార్ వైండింగ్ చేసేవాళ్లు తీగ కొసలు గీకి కలపడం మీరు చూసే ఉంటారు, ఇదీ అంతే.

ఇంకాస్త లోతుగా గీకితే లోపల తెల్లగా కనబడింది. పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతం తెచ్చి ఆనించాను. ఠక్కున అంటుకుంది. అసలు రాగి అయస్కాంతానికి అంటుకోదు. అది రాగి పూత పూసిన ఇనుము.

ఇంతవరకైతే డబ్బు పోయిందనుకుని ఊరుకునేవాణ్ణి. అడుగున ఇంకో వైరు ఉంది. ఒక కొసన గోడకు పెట్టే రెండు పిన్నుల ప్లగ్గు, రెండో కొసన మూతల్లేని క్లిప్పులు. పిల్లలు చేత్తో పట్టుకునేవి ఆ క్లిప్పులే. రెండు సెల్లులు కలిపితే 3 వోల్టులు, గోడ సాకెట్లో 230. ఏ పిల్లవాడైనా ఇంటికి తీసుకెళ్లి ప్లగ్గు పెట్టి ఉంటే? ఆ రోజు సాయంత్రమే ఎనిమిది ప్లగ్గులూ కటింగ్ ప్లేయర్‌తో కోసేశాను. మీ ఇంట్లో ఇలాంటి కిట్టు ఉంటే ముందు ఆ పని చేయండి, మిగతావి తర్వాత చూసుకోవచ్చు.

షాపుకు పోతే, “బల్బు వెలిగిందా లేదా సార్? సీలు తీసినాక వాపసు లేదు” అన్నాడు. బల్బు వెలుగుతుంది, నిజమే, ఇనుములోనూ కరెంటు పోతుంది కాబట్టి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేద్దామంటే నా చేతిలో ఉన్నది తెల్లకాగితం మీద రాసిచ్చిన లెక్క. బిల్లు అడగకపోవడం నా తప్పే.

కొనేముందు పెట్టె విప్పించండి. రాగి అన్న ప్రతి ముక్కకూ అయస్కాంతం ఆనించండి, అక్కడే సెల్లులు పెట్టి వెలిగించి చూడండి. నన్నడిగితే కిట్టే అక్కర్లేదు. ఇంటి వైరింగులో మిగిలిన వైరు ముక్కలు, టార్చి బల్బు, రెండు సెల్లులు చాలు.

మరుసటి రోజు నోట్సులు దిద్దుతుంటే, ఆ పాప పట్టికలో రాగి కొట్టేసి ఇలా రాసుకుంది: ‘రాగి పూసిన ఇనుము – గీకితే వాహకం.’ టిక్కు పెట్టాను.