చల్లటి నీళ్లు, ఖాళీ తీరం: హుడ్ ఉన్న 5/4 వెట్‌సూట్ కొన్నేళ్లు వాడాక

చల్లటి నీళ్లలో ఒంటిని వెచ్చగా ఉంచే ఈ రబ్బరు సూట్ నాకు బాగా నచ్చింది. కానీ మీరు కొనేటప్పుడు మందం అంకె ఒక్కటే చూసి కొనకండి, దానికి కారణాలున్నాయి. 5/4 అంటే ఛాతీ, వీపు, పొట్ట దగ్గర 5 మిల్లీమీటర్ల నియోప్రీన్ రబ్బరు, చేతులకీ కాళ్లకీ 4. నాది హుడ్, అంటే తలని కప్పే తొడుగు, సూట్‌కే కలిపి కుట్టిన రకం, జిప్ ఛాతీ మీద అడ్డంగా ఉంటుంది. నీళ్లు 8 నుంచి 12 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండే చలికాలమంతా నేను దీంతోనే సర్ఫింగ్ చేస్తాను, అదీ ఎక్కువగా బీచ్ బ్రేకుల్లో, అంటే ఇసుక అడుగు మీద అలలు విరిగే తీరాల్లో, చుట్టుపక్కల ఇంకో సర్ఫర్ లేని చోట్ల.

బీచ్ బ్రేక్ అని ప్రత్యేకంగా ఎందుకు చెబుతున్నానంటే, అక్కడ సూట్ మీద పడే పరీక్ష వేరు. రాతి అడుగున్న చోట అల దాదాపు ఒకే చోట విరుగుతుంది, పక్కన లోతుగా దారి ఉంటే తల తడవకుండా కూడా బయటికి వెళ్లిపోవచ్చు. ఇసుక తీరంలో ఆ భరోసా లేదు. తుపాను గాలి వచ్చి పోయిందంటే నీళ్లకింద ఇసుక దిబ్బలు జరిగిపోతాయి, నిన్న అందంగా కుడికీ ఎడమకీ విరిగిన అల ఇవాళ పొడవునా ఒక్కసారే కూలిపోతుంది. నురగ తర్వాత నురగ, డక్ డైవ్ (బోర్డుతో సహా అల కిందికి మునగడం) తర్వాత డక్ డైవ్, అలా చేసుకుంటూనే లోపలికి వెళ్లాలి. మునిగిన ప్రతిసారీ మెడ దగ్గరా ముఖం చుట్టూ చల్లటి నీళ్లు దారి వెతుక్కుంటాయి. అందుకే మెడ దగ్గర వదులుగా ఉన్న 6 మిల్లీమీటర్ల సూట్ కన్నా మెడ బిగుతుగా ఉన్న 4 మిల్లీమీటర్ల సూట్ వెచ్చగా అనిపిస్తుంది, ఇది నేను రెండూ వేసుకుని చూసి చెబుతున్న మాట.

వెట్‌సూట్ లోపల చేరిన పల్చటి నీటిపొరే వెచ్చదనం ఇస్తుందని చాలామంది అనుకుంటారు. అసలు పని చేసేది నియోప్రీన్‌లో ఉండే సన్నటి గ్యాస్ బుడగలు. 1950ల మొదట్లో అమెరికాలోని బర్కిలీలో పనిచేసిన భౌతిక శాస్త్రవేత్త హ్యూ బ్రాడ్నర్ పట్టుకున్న విషయం ఇదే: బట్టలోనే గ్యాస్ నిలిచి ఉంటే ఒళ్లు పొడిగా ఉండక్కర్లేదు. లోపల నీళ్లున్నా పర్వాలేదు, ఆ నీళ్లు మారిపోకుండా ఉంటే చాలు. నీళ్లు శరీరం వేడిని గాలికన్నా దాదాపు 25 రెట్లు వేగంగా లాగేస్తాయి కాబట్టి, ఒళ్లు వెచ్చచేసిన ఆ కాస్త నీళ్లు బయటికిపోయి కొత్తవి వచ్చాయంటే మళ్లీ మొదటినుంచీ వెచ్చబడాలి.

ఇక అతుకుల సంగతి. చవక సూట్లలో సూది బట్టలోంచి పూర్తిగా అవతలికి దిగుతుంది, ఆ కన్నాలన్నిటిలోంచీ నీళ్లొస్తాయి, వేసవికి అది చాలు. చలికాలానికి ముందు జిగురుతో అతికించి, తర్వాత సూది పూర్తిగా అవతలికి దిగకుండా కుట్టిన సూట్ తీసుకోండి, లోపల టేప్ కూడా ఉంటే ఇంకా మంచిది. నా సూట్‌కి ముఖ్యమైన చోట్లన్నీ టేప్ ఉంది. మోకాళ్ల వెనకా తొడల మధ్యా మాత్రం అది మెల్లగా లేచిపోయింది, బాగా మడతపడేవి అవే మరి. నియోప్రీన్ జిగురు రెండు వైపులా పల్చగా రెండు పూతలు వేసి, ప్రతి పూతా కాస్త ఆరనిచ్చి, గట్టిగా నొక్కి ఒక రోజు వదిలేస్తే మళ్లీ పట్టుకుంది. ఛాతీ మీద బట్ట అతికించని నున్నటి రబ్బరు ఉంది, అది గాలిని బాగా ఆపుతుంది, కానీ గోరు తగిలితే చీలుతుంది. వేసుకునేటప్పుడు గోళ్లతో లాగకుండా వేళ్ల మెత్తటి భాగంతో లాగాలి. పాదానికి ప్లాస్టిక్ సంచి తొడుక్కుంటే కాలు సులువుగా జారిపోతుంది.

హుడ్ లేకుండా ఈ నీళ్లలో వరసగా డక్ డైవ్‌లు చేస్తే నుదురు పగిలిపోతున్నట్టు ఉంటుంది. చల్లటి నీళ్లూ గాలీ ఏళ్లతరబడి తగిలితే చెవి కాలువలో ఎముక పెరుగుతుంది, సర్ఫర్లలో ఇది తెలిసిన సమస్యే, అందుకని నేను హుడ్ కింద ఇయర్‌ప్లగ్స్ కూడా పెట్టుకుంటాను. హుడ్ వల్ల ఇబ్బంది వినికిడితో. వెనక విరుగుతున్న అల చప్పుడు సగమే తెలుస్తుంది, తల ఎప్పుడూ తిప్పి చూసుకుంటూ ఉండాలి, తిప్పినప్పుడల్లా మెడ దగ్గర కాస్త లాగుతుంది.

భుజాల దగ్గర సాగుదల బాగుంది, అయినా చేతులకి 4 మిల్లీమీటర్ల రబ్బరు వేసుకుని ప్యాడిల్ చేస్తే, అంటే బోర్డు మీద పడుకుని చేతులతో నీళ్లు తోస్తే, అలసట ముందే వస్తుంది. దానికి తోడు బూట్లు, గ్లవ్స్, తడిసిన సూట్ బరువు. నేను చలికాలానికి కాస్త ఎక్కువ వాల్యూమ్ ఉన్న, అంటే లావుగా ఉండి బాగా తేలే బోర్డుకి మారాను. అలలు పట్టడం సులువైంది, కానీ లావు బోర్డునీ తేలే సూట్‌నీ కలిపి నీళ్లకిందికి తొక్కడం కష్టం. పెద్ద అలల రోజున ఈ రెంటి మధ్య ఏదో ఒకటి వదులుకోవాల్సిందే. పాదం జారకుండా బోర్డు మీద రాసే వ్యాక్స్ కూడా చల్లటి నీళ్లకి చేసిన మెత్తటిదే వాడాలి, వేసవి వ్యాక్స్ గట్టిపడి పాదం జారుతుంది.

ఇంత శ్రమ ఎందుకంటే, ఆ ఖాళీతనం కోసం. పొద్దున్నే నేలవైపు నుంచి సన్నటి గాలి, పోటు సగం వచ్చింది, తీరం పొడవునా నాలుగైదు చోట్ల అలలు నిలబడి విరుగుతున్నాయి, ఎక్కడా ఒక్క తల కనిపించదు. ఏ అల కావాలంటే అది తీసుకోవచ్చు, ఎవరి వంతూ లేదు, ఎవరితో పోటీ లేదు. వెచ్చటి నీళ్లలో కిక్కిరిసిన చోట గంటలో దొరికే అలలు ఇక్కడ పది నిమిషాల్లో దొరుకుతాయి. నాకు ఇంతకన్నా ఇష్టమైన సర్ఫింగ్ లేదు.

అదే ఖాళీతనం వల్ల సూట్ ప్రాణరక్షణ సామానూ అవుతుంది. బోర్డుని కాలికి కట్టే తాడు, లీష్, తెగితే ఒడ్డుదాకా ఈదాలి, చూసేవాళ్లు లేరు. నీళ్లు మొదట ముఖానికి తగిలినప్పుడు ఊపిరి ఎగిసిపడుతుంది, అది సర్దుకునేదాకా మోకాలి లోతులోనే ఉంటాను. ఒడ్డు నుంచి సముద్రంలోకి లాగే ప్రవాహాన్ని, రిప్ కరెంట్‌ని, బయటికి వెళ్లడానికి వాడుకుంటాను, అనుకోకుండా దాంట్లో పడితే ఎదురీదకుండా అడ్డంగా పక్కకి వెళతాను. అన్నిటికన్నా ముఖ్యంగా చూసుకునేది చిటికెన వేలు. గ్లవ్స్‌లో అది పక్క వేలికి ఆనకుండా దూరంగా ఉండిపోయిందంటే కండరాలు మాట వినడం మానేస్తున్నట్టే, అలలు ఎంత బాగున్నా తర్వాతి అలతో ఒడ్డుకి వచ్చేస్తాను. బయటికొచ్చాక కూడా ఒంట్లో వేడి కాసేపు తగ్గుతూనే ఉంటుంది కాబట్టి వెంటనే పొడి బట్టలు, గాలి తగలని చోటు, వేడిగా తాగడానికి ఏదైనా ఉండాలి. వణుకు తగ్గేదాకా బండి నడపకండి. ఛాతీ జిప్ మీద నా పెద్ద ఫిర్యాదు ఇక్కడే: మొద్దుబారిన వేళ్లతో విప్పడం టెన్షన్. వెనక జిప్ తేలిగ్గా వస్తుంది, కానీ నీళ్లు కూడా దాంట్లోంచే వస్తాయి, అందుకే ఇదే నయం.

మొదటి చలికాలంలో ఉన్నంత వెచ్చదనం ఇప్పుడు లేదు. నియోప్రీన్ వాడేకొద్దీ అణిగిపోతుంది, బుడగలు నలుగుతాయి, అది ఏ సూట్‌కైనా తప్పదు. ప్రతిసారీ మంచినీళ్లతో కడిగి, తిరగేసి, నీడలో నడుం దగ్గర మడిచి వేలాడేస్తే ఎక్కువకాలం వస్తుంది. సన్నటి హ్యాంగర్‌కి భుజాలతో తగిలిస్తే అక్కడే సాగిపోతుంది.

నీళ్లు 8 డిగ్రీలకన్నా తగ్గే చోటికి ఇది చాలదు, 6/5 చూసుకోండి. 13 దాటితే 4/3 హాయిగా ఉంటుంది. ఏది తీసుకున్నా కొనేముందు వేసుకుని రెండు చేతులూ పైకెత్తండి, గొంతుక్కూర్చోండి, నడుం వెనక ఖాళీ ఉందేమో తడిమి చూడండి. హుడ్ వేసుకుని తల అటూ ఇటూ తిప్పినప్పుడు మెడ దగ్గర సందు వస్తే, ధర ఎంత తక్కువైనా ఆ సూట్ వదిలేయండి.