హోమ్స్ కౌంటీలో పాత దస్తావేజుల వెంట

ఒహాయోలోని హోమ్స్ కౌంటీకి జనం చీజ్ కొనుక్కోవడానికీ, ఆధునిక సౌకర్యాలకు దూరంగా బతికే ఆమిష్ అనే క్రైస్తవ శాఖ వాళ్ల గుర్రపు బగ్గీలు చూడటానికీ వస్తారు. శనివారం బెర్లిన్ ఊళ్లో కారు పెట్టుకోవడానికి చోటు దొరకదు. మా పని మాత్రం మిల్లర్స్‌బర్గ్‌లో. కౌంటీకి అదే ముఖ్యపట్టణం.

మా అమ్మాయి అత్తగారి తల్లి తరఫు వాళ్లది ఈ ప్రాంతమే. ఆ అత్తగారిని నేను వదినగారూ అనే పిలుస్తాను, ఆవిడకీ అలవాటైపోయింది. ఆ ఇంట్లో 1840ల నాటి ఒక ముత్తవ్వ పుట్టింటివారెవరో ఎవరికీ తెలియదు. నేను రిజిస్ట్రేషన్ శాఖలో చేసి రిటైరయ్యాను, పాత ఇండెక్సు పుస్తకాలంటే బెదురు లేదు. కొలంబస్ నుంచి రెండు గంటలలోపు ప్రయాణం. ఇద్దరం బయల్దేరాం.

ఈ పని మీద వెళ్లేవాళ్లు వారాంతం ప్లాన్ చేసుకోకండి. కౌంటీ ఆఫీసులు సోమవారం నుంచి శుక్రవారం వరకే. ఆదివారమైతే ఊరికి ఊరే మూతపడుతుంది, ఆమిష్ హోటళ్లు, కొట్లు ఏవీ తెరవరు. ముందు లైబ్రరీకి వెళ్లడం మేలు. మిల్లర్స్‌బర్గ్‌లోని హోమ్స్ కౌంటీ డిస్ట్రిక్ట్ పబ్లిక్ లైబ్రరీలో స్థానిక చరిత్ర పుస్తకాలు, వంశవృక్షాలు, స్మశానాల జాబితాలు ఉంటాయి. ఏ పేరు, ఏ టౌన్‌షిప్ (కౌంటీలో ఒక భాగం), ఏ దశాబ్దం అనేది అక్కడ తేల్చుకుంటే కోర్టు దగ్గర సగం పని తగ్గుతుంది.

జనన మరణాల రికార్డుల మీద ఎక్కువ ఆశలు పెట్టుకోవద్దు. ఒహాయోలో కౌంటీలు వాటిని రాయడం మొదలుపెట్టిందే 1867లో. 1908 డిసెంబరు దాకా అవి వీలునామాలు, వారసత్వ ఆస్తులు చూసే ప్రొబేట్ కోర్టులో ఉంటాయి, ఆ తర్వాతివి రాష్ట్రం చేతికి వెళ్లాయి. జనాభా లెక్కల్లో ఇంట్లోవాళ్లందరి పేర్లూ రాసింది 1850 నుంచే, అంతకుముందు ఇంటి యజమాని పేరొక్కటే. 1890 లెక్కలు 1921లో వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో దాదాపు మొత్తం పోయాయి. పోనీ చర్చి రిజిస్టరు చూద్దామంటే, ఓల్డ్ ఆర్డర్ ఆమిష్ వాళ్లకు చర్చి భవనమే ఉండదు, ఆరాధన ఇళ్లలోనే. ఇంట్లో బైబిల్లో రాసుకున్నవే వాళ్లకు రిజిస్టర్లు, అవి ఎవరి అటక మీద ఉన్నాయో చెప్పలేం. దానికితోడు ఇంటిపేర్లు చూస్తే మిల్లర్లు, యోడర్లు, ట్రాయర్లు, మళ్లీ మిల్లర్లు.

కాబట్టి మిగిలేది భూమి. రైతు కుటుంబం కొంటుంది, అమ్ముతుంది, పంచుకుంటుంది, ప్రతిసారీ కాగితం పుడుతుంది.

భూమి దస్తావేజులు ఉండే కౌంటీ రికార్డర్ ఆఫీసు నాకు పుట్టింటికి వెళ్లినట్టే అనిపించింది. అమ్మినవాళ్ల ఇండెక్సు ఒకటి, కొన్నవాళ్ల ఇండెక్సు ఒకటి, వాటిలోంచి వాల్యూమ్ నంబరు, పేజీ నంబరు. మన ఆఫీసుల్లో 1998లో కార్డ్ అనే పథకం కింద కంప్యూటర్లు వచ్చేదాకా దస్తావేజుల్ని పుస్తకాల్లోకి చేత్తో ఎక్కించేవాళ్లం కదా, ఇక్కడి పాత పుస్తకాలూ అంతే, గుమస్తా చేతిరాత. ఏ ఊరివారు, ఎందుకు కావాలి అని ఎవరూ అడగలేదు. చూడటం ఉచితం, కాపీలకు పేజీ లెక్కన డబ్బు. మన దగ్గరా స్థిరాస్తి దస్తావేజులు ఎక్కించే ఒకటో పుస్తకాన్ని ఫీజు కట్టి ఎవరైనా చూడవచ్చని 1908 రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ చెబుతుంది. చెప్పడం వరకే అనుకోండి, కౌంటర్ దగ్గర సంగతి నాకు తెలియనిది కాదు.

ఒక చిక్కు ఉంది. ఈ కౌంటీ 1824లో కొషాక్టన్, టస్కరావస్, వేన్ కౌంటీల ముక్కలతో ఏర్పడింది. అంతకుముందు కొన్న భూమి కాగితం ఆ మూడింటిలో ఎక్కడుందో వెతుక్కోవాలి. మన మండలాలు, జిల్లాలు మారినప్పుడు పడే తిప్పలే. సర్వే కూడా ఒకే పద్ధతిలో లేదు. మూలవాసి తెగలతో 1795లో కుదిరిన గ్రీన్‌విల్ ఒప్పందపు సరిహద్దు గీత కౌంటీ మధ్యగా పోతుంది. దానికి దక్షిణాన టౌన్‌షిప్ అయిదు మైళ్ల చదరం, ఉత్తరాన ఆరు మైళ్లు. మ్యాపు పక్కన పెట్టుకోకపోతే సెక్షన్ల (టౌన్‌షిప్‌ని కోసిన భూమి ముక్కల) నంబర్లు తలనొప్పి తెప్పిస్తాయి.

దస్తావేజుల్లో చూడాల్సింది భార్యల పేర్లు. భర్త భూమిలో భార్యకు డవర్ అనే హక్కు ఉండేది, అమ్మకంలో ఆమె దాన్ని వదులుకోవాలి. మాకు దొరికిన అమ్మకం కాగితంలో భర్త పేరు కింద ముత్తవ్వ పేరు, మధ్యలో ఇంటూ గుర్తు, నిశానీ అన్నమాట. దాని కింద మేజిస్ట్రేటు రాసిన వాక్యం: భర్త ఎదురుగా లేకుండా ఆమెను విడిగా విచారించాననీ, ఎవరి బలవంతమూ లేదని ఆమె చెప్పిందనీ. వదినగారు ఆ వాక్యాన్ని రెండుసార్లు బయటికి చదివారు. వేరే గదిలోకి పిలిచి అడిగితే మాత్రం ఆ రోజుల్లో ఏ ఆడమనిషి కాదనగలిగేది అని నాకు అనిపించింది.

పుట్టిల్లు తెలిసింది ఇంకో కాగితంలో. తండ్రి పోయాక వారసులంతా కలిసి ఒక అన్నకి తమ వాటాలు రాసిచ్చిన హక్కు విడుదల దస్తావేజు. అన్నదమ్ములు, వాళ్ల భార్యలు, అక్కచెల్లెళ్లు, వాళ్ల భర్తలు, అందరూ ఒకే పేజీలో. అందులో మా ముత్తవ్వ, ఆమె భర్త. అక్కణ్ణుంచి ప్రొబేట్ కోర్టులో తండ్రి ఆస్తి ఫైలు తీయించాం. ఆవులు, పొయ్యి, నాగలి అన్నిటికీ విలువ కట్టారు, విధవరాలికి ఏడాది తిండికి ఇంత గోధుమ, ఇంత మాంసం అని విడిగా తీసిపెట్టారు.

స్మశానాలు చాలావరకు పొలాల మధ్య ఉంటాయి, ఇంటివాళ్లను అడిగాకే లోపలికి వెళ్లాలి. పాత రాళ్ల మీద చాలాచోట్ల పుట్టిన తేదీ ఉండదు. ఎన్నేళ్లు, ఎన్ని నెలలు, ఎన్ని రోజులు బతికారో చెక్కి ఉంటుంది, మరణ తేదీలోంచి తీసేసి లెక్కకట్టుకోవాలి. ఆమిష్ మనుషుల ముఖాలకు ఫోన్ ఎత్తకండి, వాళ్లకు నచ్చదు.

చూడదగ్గవాటిలో బెర్లిన్ దగ్గరి బెహాల్ట్ ముందుంటుంది. హైన్జ్ గాగెల్ గీసిన పది అడుగుల ఎత్తు, 265 అడుగుల పొడవు గుండ్రటి చిత్రం, 1525లో జ్యూరిక్‌లో మొదలైన వీళ్ల చరిత్రంతా అందులో ఉంది. గైడ్ చెబుతుంటే వినాలి, ఊరికే చూస్తే అర్థం కాదు. మిల్లర్స్‌బర్గ్ విక్టోరియన్ హౌస్ అందంగానే ఉంది కానీ వంశాల పనికి పెద్దగా ఉపయోగపడదు, టైముంటేనే వెళ్లండి.

బసకి బెర్లిన్ కంటే మిల్లర్స్‌బర్గ్ నయం, కోర్టుకి నడిచి వెళ్లొచ్చు. మేం దిగిన చోట వైఫై మేడ మీదకి అందేది కాదు, వేడినీళ్ల కెటిల్ కోసం కిందకి వెళ్లాల్సి వచ్చేది. మంచాలు, దుప్పట్లు మాత్రం శుభ్రం. శాకాహారులు అన్నం కుక్కరు, పచ్చడి తెచ్చుకోవాల్సిందే. ఇక్కడ నూడుల్స్‌లో కోడి పులుసు, చిక్కుళ్లలో కూడా పంది మాంసం ముక్కలు ఉంటాయి. బ్రెడ్డు, చీజ్, పై అనే కాల్చిన తీపి వంటకం తిని గడిపాను. పై గురించి ఫిర్యాదు లేదు.

తిరుగుదారిలో ఐ-71 హైవే పక్కన బెల్‌విల్‌లో ఒహాయో జీనియలాజికల్ సొసైటీ (వంశచరిత్రల సంఘం) లైబ్రరీ ఉంది. రాష్ట్రంలోని కౌంటీలన్నిటి పుస్తకాలూ ఒకేచోట, పెద్ద బల్లలు. ఒక్క కౌంటీతో పని తీరనివాళ్లు ముందు ఇక్కడికే రావచ్చు. ముత్తవ్వ తండ్రి పెన్సిల్వేనియాలోని సోమర్‌సెట్ కౌంటీ నుంచి వచ్చాడని అక్కడే తేలింది. ఇక్కడి తొలి ఆమిష్ కుటుంబాల్లో చాలామందిది అదే దారి. సోమర్‌సెట్ 1795లో బెడ్‌ఫర్డ్ నుంచి విడిపోయింది గనక రెండు కౌంటీల పుస్తకాలూ తిరగేయాలి. వదినగారు పార్కింగ్‌లో నిలబడే సోమర్‌సెట్‌లోని మోటెల్ రేట్లు చూడటం మొదలుపెట్టారు.