పంపు కోసం కొన్న కంట్రోలర్, సెన్సర్ల కోసం ఉంచుకున్నాను

కస్టమ్ వాటర్ కూలింగ్ ఉన్న పీసీలో పంపు, ఫ్యాన్లు, సెన్సర్ల వైర్లన్నీ వచ్చి చేరే చిన్న బోర్డు ఈ కంట్రోలర్. ఇలాంటి కూలింగ్‌లో చిప్‌ల మీది బ్లాకుల్లో వేడెక్కిన నీళ్లను పంపు రేడియేటర్‌కు తిప్పుతుంది, అక్కడ ఫ్యాన్లు చల్లారుస్తాయి; ఆ నీళ్ల దారినే లూప్ అంటారు. నాది నాలుగు ఫ్యాన్ చానెళ్లు, నాలుగు ఉష్ణోగ్రత సెన్సర్లు, ఒక ఫ్లో సెన్సర్ పెట్టుకోగలిగే రకం. కొన్నేళ్లుగా రోజూ పని చేసే పీసీలోనే నడుస్తోంది. పేరు చెప్పడం లేదు, ఎందుకంటే ఇక్కడ రాసేదంతా దాదాపు ఏ కంట్రోలర్‌కైనా వర్తిస్తుంది. పంపు స్పీడును కావాల్సినట్టు మార్చుకోవచ్చనే కొన్నాను. ఇప్పుడు ఆ స్పీడును ముట్టుకోవడమే మానేశాను. అలాగని కంట్రోలర్ తీసేయమంటే మాత్రం తీయను.

పంపు కనెక్షన్‌తో మొదలుపెడదాం. నేను వాడేది వాటర్ కూలింగ్‌లో బాగా వాడే డీ5 రకం, పీడబ్ల్యూఎం మోడల్, అంటే స్పీడు ఎంత కావాలో విడి సిగ్నల్ వైరుతో చెప్పే రకం. పూర్తి స్పీడులో ఇది 20 వాట్లకు పైనే లాగుతుంది. మదర్‌బోర్డు మీది మామూలు ఫ్యాన్ హెడర్ (ప్లగ్ పెట్టే పిన్నుల వరస) ఇచ్చేది సాధారణంగా 1 ఆంపియర్, అంటే 12 వాట్లు. అందుకే దీనికి రెండు కేబుళ్లు వస్తాయి. కరెంటుది సాటా లేదా మోలెక్స్ అనే కరెంటు ప్లగ్ ద్వారా నేరుగా పవర్ సప్లైకి వెళ్తుంది. సిగ్నల్‌ది నాలుగు పిన్నుల ప్లగ్‌తో కంట్రోలర్‌కి వస్తుంది. ఆ ప్లగ్‌లో రెండు వైర్లే కనిపిస్తే ఏదో తెగిందని కంగారు పడనక్కర్లేదు. మూడో పిన్ను పంపు తన ఆర్‌పీఎం (నిమిషానికి ఎన్ని చుట్లో) చెప్పడానికి, నాలుగో పిన్ను మనం స్పీడు అడగడానికి. గ్రౌండ్ ఎలాగూ ఒకే పవర్ సప్లై ద్వారా కలిసిపోతుంది.

కొన్ని కంట్రోలర్లు చానెల్‌కు 25 వాట్ల దాకా ఇస్తాయి కాబట్టి, తగిన కేబుల్ ఉంటే పంపు కరెంటు కూడా వాటి నుంచే తీసుకోవచ్చు. నాకు అది ఇష్టం లేదు. కంట్రోలర్ చెడిపోతే పంపు కూడా ఆగిపోతుంది. కరెంటు విడిగా ఉంటే సిగ్నల్ పోయినా పంపు తిరుగుతూనే ఉంటుంది. ఎంత స్పీడులో అన్నది పంపును బట్టి ఉంటుంది. నాలుగు పిన్నుల ఫ్యాన్లు సిగ్నల్ లేకపోతే పూర్తి స్పీడుకు వెళ్తాయి. డీ5 పీడబ్ల్యూఎం పంపుల్లో చాలావరకు మాత్రం 60 శాతం దగ్గర నిలబడతాయి. మీ పంపు ఏ బాపతో తెలియాలంటే పీసీ నడుస్తుండగా సిగ్నల్ ప్లగ్ పీకి, శబ్దం వినండి. రెండు నిమిషాల పని, ఆ తర్వాత టెన్షన్ ఉండదు.

ఆర్‌పీఎం విషయంలో తెలుసుకోవాల్సింది ఒకటే. పంపు ఒక చుట్టు తిరిగితే రెండు పల్సులు వస్తాయి, 4800 ఆర్‌పీఎం అంటే సెకనుకు 160 పల్సులు. సాఫ్ట్‌వేర్ సరిగ్గా సగమో, రెట్టింపో చూపిస్తుంటే పంపును అనుమానించే ముందు చుట్టుకు ఎన్ని పల్సులన్న సెట్టింగ్ చూడాలి.

పంపు సిగ్నల్ కంట్రోలర్‌కి మారాక మదర్‌బోర్డు పేచీ పెడుతుంది. సీపీయూ ఫ్యాన్ హెడర్ ఖాళీగా ఉందని బూట్ దగ్గరే ఆపేస్తుంది. బయాస్‌లో (బోర్డు సొంత సెట్టింగుల్లో) ఆ చెకింగ్ ఆపేయొచ్చు. కంట్రోలర్‌కు ఆర్‌పీఎం సిగ్నల్‌ను బోర్డుకు పంపే వసతి ఉంటే అది వాడటం మేలు. ఏదైనా తేడా వచ్చినప్పుడు కంట్రోలర్ ఆ సిగ్నల్ ఆపేసి బోర్డుకు కబురు చేయగలదు. అయితే సిగ్నల్ పోయినంత మాత్రాన అన్ని బోర్డులూ పీసీని ఆపేయవు, మీది ఏం చేస్తుందో ముందే చూసుకోవాలి.

ఇక అసలు సంగతి, సెన్సర్లు. నీటి ఉష్ణోగ్రతకు వాడేవి ఎక్కువగా రెండు పిన్నుల 10 కిలోఓమ్‌ల థర్మిస్టర్లు, అంటే వేడిని బట్టి రెసిస్టెన్స్ మారేవి. ఎటు తిప్పి పెట్టినా పని చేస్తాయి. చిక్కంతా బీ విలువ దగ్గర ఉంది. 10 కిలోఓమ్‌లన్నది 25 డిగ్రీల దగ్గరి లెక్క. అక్కడి నుంచి వేడెక్కేకొద్దీ రెసిస్టెన్స్ ఎంత వేగంగా తగ్గుతుందో చెప్పేది బీ విలువ. 3435, 3950 రెండూ మార్కెట్లో మామూలే. కంట్రోలర్ 3435 అనుకుంటుంటే మీరు 3950 సెన్సర్ పెట్టారనుకోండి, 40 డిగ్రీల నీటిని అది 42 పైచిలుకుగా చూపిస్తుంది. పొద్దున్నే పీసీ ఆన్ చేసి, నీళ్లూ గాలీ ఒకే ఉష్ణోగ్రత చూపిస్తున్నాయి కాబట్టి అంతా బాగుందనుకుంటే మోసపోతాం. గది 25 డిగ్రీల దగ్గర ఉంటే ఏ సెన్సరైనా మంచిదిలాగే కనిపిస్తుంది, తేడా వేడెక్కాకే బయటపడుతుంది. ఆఫ్‌సెట్ (రీడింగుకు ఒకే అంకె కలపడమో తీసేయడమో) పెట్టినా అన్ని ఉష్ణోగ్రతల దగ్గరా సరిపోదు. నీటికీ గాలికీ ఒకే రకం సెన్సర్లు కొనడమే సుఖం.

సెన్సర్ లూప్‌లో ఎక్కడ పెట్టాలన్నది అనవసరంగా పెద్ద చర్చ అయి కూర్చుంది. 300 వాట్ల వేడి ఉందనుకుందాం. గంటకు 60 లీటర్ల ఫ్లోలో నీళ్లు బ్లాకుల్లోకి వెళ్లి బయటికొచ్చేసరికి 4 డిగ్రీలకు కాస్త ఎక్కువ పెరుగుతాయి. 180 లీటర్లయితే ఒకటిన్నర డిగ్రీ కూడా ఉండదు. ఫ్లో బాగుంటే ఎక్కడ పెట్టినా ఒకటే.

ఫ్యాన్లను మాత్రం ప్రాసెసర్ ఉష్ణోగ్రతకు కాకుండా నీటికీ గదికీ మధ్య ఉన్న తేడాకు కట్టాలి. ప్రాసెసర్ ఒక బ్రౌజర్ ట్యాబ్ తెరిచినా 20 డిగ్రీలు ఎగురుతుంది, దాని వెంటే ఫ్యాన్లూ అరుస్తాయి. అదే లీటరు నీటికి 300 వాట్లు ఇస్తే, రేడియేటర్ ఏమీ చేయకపోయినా ఒక డిగ్రీ పెరగడానికి 14 సెకన్లు పడుతుంది. నేను 4 డిగ్రీల తేడా దాకా ఫ్యాన్లను కనీస స్పీడులో ఉంచి, 12 డిగ్రీలకు పూర్తి స్పీడు ఇచ్చాను. కంట్రోలర్‌కు పెట్టిన డబ్బులో సగం ఈ ఒక్క సెట్టింగ్‌తోనే గిట్టుబాటైంది. మిగతా సగం ఫ్లో సెన్సర్ తెచ్చిపెట్టింది.

ఫ్లో సెన్సర్‌లో ఓ చిన్న చక్రం తిరుగుతూ పల్సులు ఇస్తుంది. లీటరుకు ఎన్ని పల్సులో సాఫ్ట్‌వేర్‌లో రాయాలి, నా దానికి 169. కొత్తగా కూలెంట్ (లూప్‌లో తిరిగే ద్రవం) నింపినప్పుడు బుడగల వల్ల అంకె గంతులేస్తుంది, గాలంతా పోయాక కుదురుకుంటుంది. నేను చూసేది అంకె ఎంతుందన్నది కాదు, నెమ్మదిగా తగ్గుతోందా అన్నది. బ్లాకు లోపలి సన్నటి ఫిన్నుల్లో చెత్త పేరుకుంటే పంపు ఆర్‌పీఎం పెద్దగా మారదు, ఉష్ణోగ్రత కూడా చాలాకాలం కదలదు, ఫ్లో మాత్రం తగ్గుతూ వస్తుంది. నా లూప్‌లో శుభ్రం చేయాల్సిన సమయం వచ్చిందని మొదట చెప్పింది ఆ అంకే. దీని మూడు పిన్నుల ప్లగ్ ఫ్యాన్ ప్లగ్‌లాగే ఉండొచ్చు. ఫ్యాన్ హెడర్‌లో ఉండేది 12 వోల్టులు, సెన్సర్ 5 వోల్టులదైతే కాలిపోతుంది. వైర్లకు చీటీలు అంటించండి.

ఫ్లో పడిపోతే అలారం కొట్టేలా పెట్టుకున్నాను, కొన్ని సెకన్ల ఆలస్యంతో. ఆలస్యం లేకపోతే పీసీ ఆన్ చేసిన ప్రతిసారీ, నీళ్లు కదిలేలోపే మోగుతుంది.

పంపు స్పీడు ఎందుకు ముట్టుకోవడం లేదంటే, ఒక స్థాయి దాటాక ఫ్లో ఎంత పెంచినా ఉష్ణోగ్రతలో కనిపించే లాభం ఉండదు. పెంచి తగ్గిస్తుంటే చెవికి చిరాకు తప్ప ఏమీ లేదు. వణుకు తెలియని స్పీడు ఒకటి చూసి అక్కడే వదిలేశాను.

నచ్చనివీ ఉన్నాయి. సెట్టింగులు మార్చే సాఫ్ట్‌వేర్ విండోస్‌లోనే నడుస్తుంది. సెట్టింగులు బోర్డు మెమరీలోనే ఉంటాయి కాబట్టి లినక్స్‌లోకి బూట్ చేసినా కర్వ్‌లు (ఏ ఉష్ణోగ్రతకు ఎంత స్పీడన్న సెట్టింగులు) పని చేస్తాయి, అది ఊరట. కొన్ని పరికరాల రీడింగులను లినక్స్ కెర్నెలే చదవగలదు. లోపలే కంట్రోలర్ ఉన్న డీ5 నెక్స్ట్ పంపుకు కెర్నెల్ 5.15 వెర్షన్ నుంచి డ్రైవర్ ఉంది. మదర్‌బోర్డు మీద లోపలి యూఎస్‌బీ హెడర్లు చాలకపోవడం ఇంకో తలనొప్పి, హబ్ కొనక తప్పలేదు.

ఒకే రేడియేటర్, ఒకే పంపు ఉండి, మదర్‌బోర్డులోనే 2 లేదా 3 ఆంపియర్ల పంపు హెడర్, రెండు పిన్నుల ఉష్ణోగ్రత సెన్సర్ హెడర్ ఉంటే నేనైతే కంట్రోలర్ కొనను. పైశ్రేణి బోర్డుల్లో కొన్నింటికి ఫ్లో సెన్సర్ హెడర్ కూడా ఉంటుంది. కొనేముందు బోర్డు మాన్యువల్లో ఆ పేజీ ఒకసారి చూడండి.