జోసా పోర్టల్: సీటు కోసం ఎదురుచూసేవాళ్లకు ఎంత ఆసరా?

ఐఐటీ, ఎన్ఐటీ సీట్లకు రౌండ్ల మధ్య పడే బెంగను, ఆ సీట్లు ఉమ్మడిగా కేటాయించే జోసా పోర్టల్ బాగానే తగ్గిస్తుంది, వాడటం తెలిస్తే. గత ఏళ్ల ఓపెనింగ్, క్లోజింగ్ ర్యాంకులు (సీటు దక్కిన మొదటి, చివరి ర్యాంకులు) మీ కేటగిరీ, కోటాతో సహా చూసుకోండి. ఆశ ఎంతవరకు పెట్టుకోవచ్చో తేలుతుంది. మొదటి రౌండులో రాలేదని కుంగిపోకండి, తర్వాతి రౌండ్లలో ఖాళీలు కదులుతాయి.

జాగ్రత్తంతా ‘ఫ్లోట్’తోనే, అంటే వచ్చిన సీటు ఉంచుకుని మీ జాబితాలో ఇంకా పైనున్నదాని కోసం చూడటం. పై ఆప్షన్ దక్కితే చేతిలో ఉన్న సీటు పోతుంది, మళ్లీ రాదు. వద్దనుకున్న కాలేజీని పైన పెట్టనే వద్దు. గడువులోపు ఫీజు కట్టకపోయినా, పత్రాలపై అడిగినదానికి జవాబివ్వకపోయినా సీటు రద్దే.

ఎన్ఐటీలకు చివర్లో, మిగిలిన సీట్ల కోసం సీఎస్ఏబీ (సెంట్రల్ సీట్ అలొకేషన్ బోర్డు) ప్రత్యేక రౌండ్లుంటాయి. నిద్ర పట్టనంత దిగులైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, 24 గంటలూ, తెలుగులోనూ మాట్లాడతారు.