సొసైటీ ఆఫ్ విమెన్ ఇంజనీర్స్ సభ్యత్వం: విదేశీ కెరీర్‌కి ఎంతవరకు పనికొస్తుంది?

విదేశాల్లో ఇంజనీరుగా స్థిరపడాలనుకునే అమ్మాయిలకు సీనియర్లు తరచూ చెప్పే పేరు సొసైటీ ఆఫ్ విమెన్ ఇంజనీర్స్. పొట్టిగా ‘స్వీ’ అంటారు. 1950లో న్యూజెర్సీలో పుట్టిన సంఘం ఇది. తొలి అధ్యక్షురాలు బియాట్రిస్ హిక్స్, ప్రధాన కార్యాలయం చికాగో. మా తీర్పు ముందే చెప్పేస్తాం. కెరీర్ ఫెయిర్ (ఉద్యోగ మేళా) కోసమే చేరితే కట్టిన డబ్బు చాలామందికి గిట్టుబాటు కాదు. ఏదో ఒక కమిటీలో పని నెత్తిన వేసుకుంటే మాత్రం కట్టిన ప్రతి రూపాయీ తిరిగొస్తుంది. ఎందుకో వివరంగా చూద్దాం, ఎందుకంటే హైదరాబాద్‌లో ఉండి చేరేవాళ్ల అవసరం ఒకటి, అమెరికాలో ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీదో హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగ వీసా ఉన్నవారి భాగస్వామికిచ్చే వీసా) మీదో ఉన్నవాళ్ల అవసరం మరొకటి.

చేరడం పది నిమిషాల పని. అయినా ఇండియా నుంచి కట్టేవాళ్లలో చాలామందికి మొదటిసారి కార్డు తిరస్కరణకు గురవుతుంది. కొత్త కార్డుల్లో అంతర్జాతీయ చెల్లింపులు మొదట ఆపేసి ఉండాలన్నది ఆర్‌బీఐ నిబంధన. బ్యాంకు యాప్‌లో దాన్ని ఆన్ చేసి, చిన్న పరిమితి పెట్టుకుని, కట్టాక మళ్లీ ఆపేయండి. రుసుము డాలర్లలో ఉంటుంది కాబట్టి బ్యాంకు మారకపు ఛార్జీ, దానిపై జీఎస్టీ అదనం. అసలు సొంత డబ్బు తీసేముందు మీ ఆఫీసు మహిళా గ్రూప్‌నో హెచ్‌ఆర్‌నో ఒక మాట అడగండి. ఇలాంటి సభ్యత్వాల ఖర్చు భరించే కంపెనీలు చాలానే ఉన్నాయి, అడిగేవాళ్లే తక్కువ.

వెబినార్ల నాణ్యత బాగుంది. జీతం మాట్లాడుకోవడం, టెక్నికల్ ట్రాక్‌లో ఉంటూనే ఎదగడం లాంటి అంశాలు పనికొచ్చేలా చెబుతారు. సమయమే మనకు కష్టం. చికాగోలో మధ్యాహ్నం 12కి మొదలయ్యేది మనకు వేసవిలో రాత్రి 10:30, చలికాలంలో 11:30. మార్చి రెండో ఆదివారం వాళ్లు గడియారాన్ని గంట ముందుకు జరుపుతారు. ఆ వారం పాత లెక్కన లాగిన్ అయితే మీటింగ్ ముగిసిపోయి ఉంటుంది. క్యాలెండర్‌లో మన టైమ్ రాసుకోకుండా చికాగో టైమ్ జోన్‌లోనే ఎంట్రీ పెట్టుకుంటే ఈ బాధ ఉండదు.

ఇక కెరీర్ ఫెయిర్. వార్షిక సమావేశం అక్టోబరు ప్రాంతంలో జరుగుతుంది. 2024లో చికాగో, 2025లో న్యూ ఆర్లీన్స్. అమెరికాలో ఎంఎస్ చదువుతూ చేతిలో 12 నెలల ఓపీటీ (చదువు తర్వాత పనిచేసే అనుమతి), ఆపై 24 నెలల స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) పొడిగింపు ఉన్నవాళ్లకు ఇది నిజంగా మంచి అవకాశం. అయితే స్టాళ్లన్నీ తిరగడం దండగ. వెళ్లేముందే కంపెనీల జాబితా తీసుకుని, అమెరికా వలస శాఖ బయటపెట్టే హెచ్-1బీ యజమానుల డేటాలో ఒక్కో పేరు వెతకండి. ఇటీవలి ఏళ్లలో ఒక్క ఆమోదం కూడా లేని కంపెనీని కొట్టేయండి. మిగిలిన వాటిలో ఆరేడింటి మీదే దృష్టి పెట్టండి. స్టాల్ దగ్గర స్పాన్సర్‌షిప్ (మీ వీసాకి కంపెనీ దరఖాస్తు పెడుతుందా అన్న) ప్రశ్న చివరికి దాచుకోకండి, మొదటి నిమిషంలోనే అడగండి. కాదంటే మీకు అరగంట మిగులుతుంది. కంప్యూటర్ రంగంవాళ్లు ఎక్కువగా వెళ్లే గ్రేస్ హాపర్ సమావేశానికీ ఇదే సూత్రం. 2023లో ఒర్లాండోలో అక్కడి ఫెయిర్ క్యూలు వార్తలకెక్కాయి.

ఇండియా నుంచి టికెట్టు పెట్టుకుని ఈ ఫెయిర్‌కి వెళ్లమని మేం చెప్పం. 2025 సెప్టెంబరు 21 నుంచి అమెరికా బయట ఉన్నవాళ్ల కొత్త హెచ్-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల చెల్లింపు షరతు పెట్టాక, నేరుగా తీసుకునే కంపెనీ దొరకడం మరీ కష్టమైంది. హైదరాబాద్‌లో బహుళజాతి కంపెనీలో పనిచేస్తున్నవాళ్లకు దగ్గరి దారి అదే కంపెనీ అమెరికా శాఖకు ఎల్-1 వీసా మీద బదిలీ. గత 3 ఏళ్లలో కనీసం 1 ఏడాది వరసగా అమెరికా బయటి శాఖలో పనిచేసి ఉండాలన్నది దాని షరతు. మేనేజర్‌గానో, కంపెనీకే చెందిన ప్రత్యేక పరిజ్ఞానం ఉన్న ఉద్యోగిగానో వెళ్లాలి. ఇక్కడ స్వీ ఉపయోగం వేరు. మీ కంపెనీ అమెరికా శాఖలోనే పనిచేస్తున్న సభ్యురాళ్లు తగులుతారు. ఏ టీమ్ విస్తరిస్తోంది, ఏ మేనేజర్ బదిలీలకు సుముఖం అన్నది ఉద్యోగ ప్రకటనలో ఉండదు, వాళ్ల నోట వినాల్సిందే.

వాళ్లను పలకరించే తీరులోనే చాలామంది దెబ్బతింటారు. “హాయ్ మేడమ్, జాబ్ వెతుకుతున్నాను, రిఫరల్ ఇవ్వగలరా?” అన్న మెసేజ్‌కి జవాబు రాదు. జవాబు వచ్చే మెసేజ్ ఇలా ఉంటుంది: “బ్యాటరీ భద్రత సెషన్‌లో మీరు చెప్పింది విన్నాను. హైదరాబాద్‌లో 4 ఏళ్లుగా అదే పనిలో ఉన్నాను. మీ దగ్గర సెల్ పరీక్షలకూ ప్యాక్ పరీక్షలకూ వేర్వేరు టీమ్‌లు ఉంటాయా? మంగళవారం మీ టైమ్ ఉదయం 8కి 15 నిమిషాలు వీలవుతుందా?” ఇందులో ఆవిడ పని గురించిన ఒక మాట, మీ గురించి ఒక మాట, జవాబు చెప్పగలిగే ఒక ప్రశ్న ఉన్నాయి. అడిగిన సమయమూ కొంచెమే. రిఫరల్ ఊసు రెండో, మూడో సంభాషణలో, జాబ్ ఐడీతో సహా ఎత్తండి. మీరు ముందే సొంతంగా దరఖాస్తు పెట్టేస్తే చాలా కంపెనీల సిస్టమ్‌లో ఆ తర్వాత వచ్చే రిఫరల్ మీ పేరుకి అతకదు.

అసలు విలువ కమిటీ పనిలో ఉంది. వెబినార్ నడపడం, అవార్డు దరఖాస్తులు వడపోయడం, మెంటార్లకూ కొత్తవాళ్లకూ జోడీ కుదర్చడం లాంటివి. ఒప్పుకునేముందే నెలకు మూడు నాలుగు గంటలకు మించని పనేనా అని అడిగి తెలుసుకోండి. మూడు దేశాల మనుషులతో గడువు పెట్టుకుని ఒక పని ముగిస్తే, మీరు మాట నిలబెట్టుకునే మనిషని వాళ్లు కళ్లారా చూస్తారు. రేపు మీ గురించి ఎవరైనా ఫోన్‌లో అడిగితే చెప్పడానికి వాళ్ల దగ్గర ఒక సంగతి ఉంటుంది. లింక్డ్‌ఇన్‌లో ఐదొందల కనెక్షన్లు ఆ మాట చెప్పలేవు. సంఘం పని సంవత్సరం జూలై 1న మొదలవుతుంది, ఎంపికలు దానికి ముందు నెలల్లోనే జరిగిపోతాయి. అక్టోబరులో చేరి పని అడిగితే ఖాళీలు తక్కువ. ఫిబ్రవరి, మార్చిలో చేరండి. ఎన్ని పనులున్నా మొదటి ఏడాది ఒక్కదానికే ఒప్పుకోండి. నాలుగు కమిటీల్లో పేరిచ్చి ఏదీ ముగించకపోతే ఆ సంగతీ అంతే గట్టిగా గుర్తుంటుంది.

ఈ లెక్క ఇవాళ్టిది కాదు. మన తెలుగింటి ఆడపడుచు అయ్యలసోమయాజుల లలిత, భారతదేశపు తొలితరం మహిళా ఇంజనీరు, స్వీ ఆధ్వర్యంలో 1964లో న్యూయార్క్‌లో జరిగిన తొలి అంతర్జాతీయ మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల సమావేశానికి వెళ్లారు. అప్పటికి ఇండియాలో శాఖ లేదు కాబట్టి వ్యక్తిగతంగానే వెళ్లారు. 1965లో లండన్‌లోని విమెన్స్ ఇంజనీరింగ్ సొసైటీలో పూర్తి సభ్యురాలై, 1967లో కేంబ్రిడ్జ్‌లో జరిగిన రెండో సమావేశానికి ఇండియా తరఫు ప్రతినిధి బాధ్యత తీసుకున్నారు. పద్దెనిమిదేళ్లకే భర్తను పోగొట్టుకుని, చంటిబిడ్డను పెంచుతూ మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో చదివిన మనిషి ఆవిడ. వెళ్లొచ్చి ఊరుకోలేదు, పని అందుకున్నారు.

గ్రీన్‌కార్డు ఫైలు విషయంలో ఒక పొరపాటు పదే పదే కనిపిస్తుంది. ఈబీ-1ఏకి (అసాధారణ ప్రతిభ ఉన్నవాళ్లకిచ్చే గ్రీన్‌కార్డు కేటగిరీ) 10 ప్రమాణాల్లో కనీసం 3 చూపాలి. వాటిలో సంఘ సభ్యత్వం ఒకటి. కానీ అసాధారణ ప్రతిభ ఉన్నవాళ్లనే, నిపుణులు ఎంపిక చేసి చేర్చుకునే సంఘమై ఉండాలి. డబ్బు కట్టి చేరే మామూలు సభ్యత్వం దానికి చాలదు. ఐఈఈఈ (ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ ఇంజనీర్ల అంతర్జాతీయ సంఘం) సీనియర్ మెంబర్ హోదాకి 10 ఏళ్ల అనుభవం, 3 రిఫరెన్సులు కావాలి, రెజ్యూమెకి మంచిదే. అయినా వలస శాఖ మార్గదర్శకాల్లో ఉదాహరణగా కనిపించేది అంతకంటే పై మెట్టైన ఫెలో హోదా. సభ్యత్వ కార్డు నకలు జతచేసి కూర్చోకండి. ఇతరుల పనిని మదింపు చేయడం మరో ప్రమాణం, సంఘాల ద్వారా ఆ అవకాశం దొరుకుతుంది. పరిశోధన పత్రాల సమీక్ష, వృత్తి నిపుణుల అవార్డు జ్యూరీ అందులో గట్టివి. విద్యార్థుల స్కాలర్‌షిప్ దరఖాస్తులు చూడటం అంత బలమైన ఆధారం కాదు.

హెచ్-4 మీద ఇంట్లో ఆగిపోయిన మన అమ్మాయిలకు ఈ సభ్యత్వం మేము మనస్ఫూర్తిగా సిఫారసు చేస్తాం. 2015 మే 26 నుంచి కొందరు హెచ్-4 వాళ్లకు పని అనుమతి దొరుకుతోంది. భాగస్వామి ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ పెట్టే దరఖాస్తు) ఆమోదం పొంది ఉండటం మామూలు దారి. ఆ పని అనుమతి కార్డు వచ్చేదాకా జీతం లేని కమిటీ పని రెజ్యూమెలో ఆ ఏళ్లు ఖాళీగా కనిపించకుండా కాపాడుతుంది. జీతమిచ్చి చేయించే ఉద్యోగాన్ని ఉచితంగా చేయడం మాత్రం వాలంటీరింగ్ కిందకు రాదు, ఆ గీత దాటకండి. విరామం తర్వాత మళ్లీ ఉద్యోగంలో చేరేవాళ్లకు తోడ్పడే ఐరీలాంచ్ సంస్థతో కలిసి స్వీ 2015లో మొదలుపెట్టిన స్టెమ్ రీఎంట్రీ టాస్క్‌ఫోర్స్ విరామం తీసుకున్న ఇంజనీర్లను కంపెనీలు జీతమిచ్చి కొన్ని వారాలు పనిలో పెట్టుకుని చూసే ఏర్పాటు. ఇక్కడ విరామాన్ని దాచకూడదు, నెల, సంవత్సరం వేసి స్పష్టంగా రాయాలి. విరామం ఉండటమే అర్హత. పని అనుమతి కార్డు గడువు ప్రోగ్రామ్ మధ్యలో ముగిసేలా ఉంటే ముందే పొడిగింపు దరఖాస్తు పెట్టండి.

కాలేజీలో ఉన్న అమ్మాయిలైతే స్వీ కంటే ముందు ఐఈఈఈ విమెన్ ఇన్ ఇంజనీరింగ్ చూడండి. హైదరాబాద్ సెక్షన్‌లో దాని గ్రూప్ ఉంది, మనుషులు ఎదురుగా దొరుకుతారు. బ్రిటన్ వెళ్లేవాళ్లకు లలితగారు చేరిన ఆ 1919 నాటి సొసైటీ ఇప్పటికీ నడుస్తోంది.

ఏ సంఘంలో పనిచేసినా రుజువు వెంటనే తీసుకోండి. 145 దేశాల్లో సభ్యులున్న మహిళా టెక్ నిపుణుల సంఘం విమెన్ హూ కోడ్ 2024 ఏప్రిల్ 18న మూతపడుతున్నట్టు ప్రకటించింది. అలా జరిగాక లెటర్ ఇచ్చే మనిషి ఉండరు. ప్రతి పదవీకాలం చివర సంఘం లెటర్‌హెడ్ మీద మీ హోదా, మొదలైన తేదీ, ముగిసిన తేదీ, చేసిన పని అంకెల్లో రాయించి, ఛైర్ సంతకంతో పీడీఎఫ్ తీసుకోండి. ఆఫీసు మెయిల్‌లో ఉంచితే ఉద్యోగం మారిన రోజే పోతుంది, సొంత మెయిల్‌కి తెప్పించుకోండి.