లా రూ తొలి ఆల్బమ్: కీచుగొంతు అన్న విమర్శ ఎంతవరకు సబబు?

లండన్‌కు చెందిన ఎల్లీ జాక్సన్, బెన్ లాంగ్‌మెయిడ్ జంటగా 'లా రూ' పేరుతో 2009లో విడుదల చేసిన తొలి ఆల్బమ్‌కు కూడా ఆ పేరే పెట్టారు. పాటలు ఇద్దరూ కలిసి కట్టినవే అయినా పాడిందీ, జనం ముందుకు వచ్చిందీ జాక్సన్ ఒక్కరే. 1980ల తొలినాళ్లలో యాజూ, యూరిథ్మిక్స్, హ్యూమన్ లీగ్ బృందాలు బ్రిటన్‌లో వినిపించిన సింథసైజర్ (విద్యుత్తుతో ధ్వనులు పుట్టించే వాద్యం, క్లుప్తంగా సింథ్) పాప్ ఈ పాటలకు మూలం. జాక్సన్ పుట్టింది 1988లో. అంటే తాను పుట్టకముందటి ధ్వనిని ఆమె వెతికి పట్టుకున్నారన్నమాట.

ఆ బృందాల పేర్లు తెలియకపోయినా కడప శ్రోతకు ఈ ధ్వని పరాయిదేమీ కాదు. 1986లో బప్పి లహరి స్వరపరిచిన 'సింహాసనం' పాటలను రేడియోలోనో, పెళ్లి పందిట్లోని మైకుసెట్టులోనో విన్నవారు ఈ సింథ్ మోతను వెంటనే గుర్తుపడతారు. అయితే అక్కడ వాద్యాలు కిక్కిరిసి ఉంటాయి; లా రూ పాటల్లో మాత్రం పొదుపు ఎక్కువ. 'ఇన్ ఫర్ ది కిల్' పాటలో సన్నని సింథ్ వరస, బిగువైన దరువు తప్ప పెద్దగా ఏమీ ఉండవు కనుక, ప్రేమలో భంగపడిన మనిషి మొండితనమంతా గొంతే మోయవలసి వస్తుంది.

విమర్శకుల్లో ఎక్కువమంది ఆల్బమ్‌ను మెచ్చుకున్నారు. నొచ్చుకున్నవారు మాత్రం గొంతు మరీ కీచుగా ఉందనీ, సంగీతం పాతదానికి నకలనీ అన్నారు. మొదటి మాటతో నేను ఏకీభవించలేను. స్క్రీమ్ అనే డబ్‌స్టెప్ (మంద్రధ్వనులు ముందుండే ఎలక్ట్రానిక్ నృత్యసంగీతం) కళాకారుడు 'ఇన్ ఫర్ ది కిల్' పాటను రీమిక్స్ చేసి, గొంతును అలాగే ఉంచి, దాని కింద బరువైన బేస్ (మంద్రధ్వని) పరిచినప్పుడు ఆ రూపానికి ఎంతో ఆదరణ దక్కింది. గొంతులోనే లోపం ఉంటే అది సాధ్యమయ్యేది కాదు. మూలంలో ఆ పదును ఉద్దేశపూర్వకమైనదే. 'క్విక్‌సాండ్'లో స్వరం పైస్థాయికి ఎగబాకి వణికే చోట మనసు కలుక్కుమనడానికి కారణం అదే.

రెండో విమర్శలో మాత్రం కొంత నిజం ఉంది. 'బుల్లెట్‌ప్రూఫ్' బ్రిటన్ చార్టులో మొదటి స్థానానికి చేరడం న్యాయమే కానీ, 'ఫ్యాసినేషన్' మొదలుకొని చివరి పాటలు ఒకే రంగులో సాగి పట్టు సడలిస్తాయి. బృందగానం తోడైన 'కవర్ మై ఐస్' నెమ్మదైన నడకతో కాస్త ఊపిరి తీసుకోనిస్తుంది. అలాంటివి ఇంకో రెండు ఉండవలసింది.

2009లో, ఏటా ఒక ఉత్తమ ఆల్బమ్‌కు బ్రిటన్‌లో ఇచ్చే మెర్క్యురీ బహుమతి తుది జాబితాలో చోటు, 2011లో ఉత్తమ ఎలక్ట్రానిక్/డాన్స్ ఆల్బమ్‌గా గ్రామీ పురస్కారం దీనికి లభించాయి. తర్వాత లాంగ్‌మెయిడ్ తప్పుకోవడంతో 2014 నాటి రెండో ఆల్బమ్‌ను 'లా రూ' పేరుతోనే జాక్సన్ ఒక్కరే తెచ్చారు కాబట్టి, జంటగా వీరు మిగిల్చిన ఆల్బమ్ ఇదొక్కటే. వినదలచినవారు ఫోన్ స్పీకర్‌ను నమ్ముకోవద్దు. అందులో బేస్ మాయమై, గొంతు నిజంగానే కీచుమంటుంది. మంచి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ముందుగా 'క్విక్‌సాండ్' వినండి.